విరిగిన కాలితో నది ఈదాడట!

2022 ఫిబ్రవరి. వర్జీనియాలో ఒక చిన్న ఆసుపత్రిలో సీటీ స్కాన్ టెక్నాలజిస్టుగా నాకది పదకొండో ఏడు. మాది కందుకూరు వైపు. అక్కడ వర్జీనియా అంటే పొగాకు పేరు. అదొక రాష్ట్రమని కాలేజీకొచ్చేదాకా నాకు తెలియదు. ఇక్కడి పొగాకు పొలాల్లో ఎలాంటి పిల్లలచేత చాకిరీ చేయించారో ఆ శనివారం తెలిసింది.

పేషెంట్లు లేని పూట చూసుకుని, యూనివర్సిటీలో పురావస్తు పరిశోధకురాలు క్లేర్ ఒక ఎముకల పెట్టె తెచ్చింది. ఒక పాత పొగాకు దొర బంగళాను ఇప్పుడు మ్యూజియం చేశారు. దాని వంటింటి వెనక నీళ్ల పైపుకోసం తవ్వుతుంటే, రెండడుగుల లోతులో అస్థిపంజరం బయటపడింది. ఎడమ చిటికెన వేలు సగమే ఉంది. దాన్నిబట్టే అదెవరిదో పోల్చుకున్నారు.

పేరు డెనిస్. పద్దెనిమిదో శతాబ్దపు ఐర్లాండు పిల్లవాడు. ఆరేసిన రెండు చొక్కాలు దొంగిలించాడని పద్నాలుగో ఏట ఏడేళ్ల ప్రవాసశిక్ష వేసి ఓడెక్కించారు. ఆస్ట్రేలియాకంటే ముందు ఇంగ్లండు తన ఖైదీలను పారబోసింది ఇక్కడే. ఓడ దిగకముందే దొర కొనుక్కున్నాడు. రెండేళ్లకు పత్రికలో ప్రకటన వేయించాడు: చిటికెన వేలు సగం లేని దొంగవెధవ నది ఈది పారిపోయాడు, పట్టివ్వండి అని. మరుసటేడు కోర్టులో కూడా, వాడు ఇంకా దొరకలేదనే రాయించాడు.

స్కాన్ తీశాను. పక్కటెముకల్లో ఐదుచోట్ల విరిగిన గుర్తులు. కొన్ని పూర్తిగా అతుక్కున్నాయి, కొన్ని సగమే. అంటే ఒకసారి పడి విరగలేదు. మానేలోపు మళ్లీ మళ్లీ కొట్టారు. కుడికాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగి ఉన్నాయి. వాటి చుట్టూ క్యాలస్, అంటే విరిగినచోటును అతికించడానికి పుట్టే కొత్త ఎముక, అప్పుడప్పుడే మొదలైంది.

రిపోర్టు రాయాల్సిన రేడియాలజిస్టు శ్రీధర్‌గారిది నల్లగొండ. ఆ కాలి బొమ్మను స్క్రీన్ మీద పెద్దది చేసి చూశారు.

“క్యాలస్ చూస్తే, కాలు ఇరిగి నెల గూడ కాకముందే పోయిండమ్మా. వీడు లేచి నిలబడనే లేడు. ఇగ పారిపోవుడు ఎక్కడిది?”

“మరి నది ఈదాడని పేపర్లో వేయించాడు కదండీ?”

“కొట్టి సంపి, ఇంటెనకాల పాతిపెట్టి, దొరకలేదని రాయించిండు.”

ఆ మాటనే మర్యాద భాషలో రిపోర్టుకెక్కించారు.

సోమవారం మ్యూజియం ట్రస్టు పెద్దమనిషి వచ్చాడు. జబ్బుచేసి పోయాడని బోర్డు పెడతామన్నాడు. స్కూలు పిల్లలు వస్తారట, బెదిరిపోతారట. “ఆ రోజుల్లో అందరూ కొట్టేవాళ్లు. ఇప్పటి కళ్లతో చూడకూడదు” అని నవ్వాడు.

టెక్నాలజిస్టులం స్కాన్ తీయాలే తప్ప అభిప్రాయం చెప్పకూడదు. మా ఉద్యోగంలో మొదటి పాఠమది. అయినా నోరు ఊరుకోలేదు. “ఆ రోజుల్లో ఎముక విరిగితే నొప్పి పుట్టేది కాదా సార్?” అన్నాను. ఆయన నా బ్యాడ్జీ మీద పేరు చదువుకుని వెళ్లాడు. మూడో రోజున నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. బోర్డు మీద ‘ఐరిష్ పనివాడు, చిన్నవయసులో మరణించాడు’ అని రాశారు. దొర వేయించిన ప్రకటనను మాత్రం భద్రంగా అద్దాల పెట్టెలో పెట్టారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

స్కానుకు వచ్చే ప్రతి కాగితం మీద ‘హిస్టరీ’ అని ఒక గడి ఉంటుంది. దెబ్బ ఎలా తగిలిందో వెంట వచ్చినవాళ్లు చెప్పింది అందులో రాస్తారు. పదకొండేళ్లు దాన్ని చదివి, నమ్మి, పని ముగించుకున్నాను. ఇప్పుడు ముందు ఎముకను చూస్తాను. పిల్లలను కొడుతున్నారని అనుమానం వస్తే మాలాంటివాళ్లు ప్రభుత్వానికి ఫోన్ చేసి తీరాలని ఇక్కడ చట్టమే ఉంది. డెనిస్ తర్వాత రెండుసార్లు చేశాను. రెండోది మా తెలుగు చర్చివాళ్ల పిల్ల. మెట్ల మీద పడిందన్నారు. మెట్ల మీద పడితే పక్కటెముకలు మూడు విడతలుగా విరగవు.

“మనోళ్ల మీదే కంప్లయింట్ చేస్తావా సునీతక్కా?” అని ఆ పిల్ల తండ్రి చర్చి పార్కింగ్ లాట్‌లో అందరిముందూ నిలదీశాడు.

“చేశాను” అన్నాను. ఆ రోజునుంచి చర్చిలో సగంమంది నాతో మాట్లాడటం మానేశారు. మానేస్తే మానేశారు.