మా పెరట్లో తిప్పతీగ

కరోనా రోజుల్లో మా ఆయన రాజోలు నుంచి స్కూటర్ మీద వస్తూ సంచిలో జానెడు తిప్పతీగ ముక్క తెచ్చేరు. దాని కషాయం తాగితే ఏ జబ్బూ దగ్గరికి రాదని ఆఫీసులో ఎవరో చెప్పేరట. ఎండుపుల్లలా ఉన్న ఆ ముక్కని పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో గుచ్చేరు. తీగ సాగేక కషాయం నాలుగు రోజులు తాగి, ఆ చేదుకి దండం పెట్టి మానేసేరు. తీగ మాత్రం మానలేదు.

రెండు మూడేళ్ళలో అది కొబ్బరిచెట్టెక్కి, అక్కణ్ణించి కరివేపాకు చెట్టు మీదికి పాకి, చివరికి బట్టలారేసే తాడుని కూడా అల్లుకుంది. ఒకరోజు మా ఆయన లుంగీ తీయబోతే ఆయన ఇటు లాగితే తీగ అటు లాగింది. అయినా పచ్చగా ఉంది పోనీలే అనుకున్నాం.

ఆ తర్వాత కొబ్బరి దింపు తీయడానికి వచ్చినతను చెట్టు చుట్టూ తిరిగి, పైకి చూసి, ఎక్కనన్నాడు. "కాలెక్కడ పెట్టాలో కనపడాలి కదండీ. అందులో పాముందో తీగుందో నాకెలా తెలుస్తాదండీ? తీయించేక కబురెట్టండి," అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయేడు.

మా ఆయన ఆ సాయంత్రమే కలుపుమందు డబ్బా తెచ్చేరు. నేను ఒప్పుకోలేదు. మా వీధిలో సగం ఇళ్ళ చారులో పడేది మా కరివేపాకే. పైగా మా అత్తగారి కోళ్ళు పొద్దస్తమానం ఆ చెట్ల కిందే తిరుగుతాయి. డబ్బా కొట్టుకి వెనక్కి వెళ్ళింది. అత్తగారైతే అసలు తీగ జోలికే వెళ్ళొద్దన్నారు. దేవుడిచ్చిన మందు మొక్కని నరుకుతారా అని ఆవిడ బాధ. ఆవిడ ఒక్కనాడూ ఆ కషాయం నోట పెట్టలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన కత్తి తీసుకుని తీగని మొదట్లో నరికేసేరు. పైనున్నది దానంతటదే ఎండిపోతుందన్నారు. కొన్నాళ్ళకి చెట్టు మీంచి సన్నటి దారాలు వేలాడ్డం మొదలెట్టేయి. సాలెగూడేమో అనుకున్నాను. రోజురోజుకీ కిందికి దిగుతుంటే పట్టుకుని చూసేను. వేళ్ళు! మొదలు లేని తీగ గాల్లోనే ఉండి నేలని వెతుక్కుంటోంది. మా ఆయన్ని పిలిచి చూపించేను. ఆయన ఒక వేరుని పట్టుకుని మెల్లగా లాగి చూసేరు.

"మనకన్నా దీనికే ఇమ్యూనిటీ ఎక్కువుంది," అన్నారు చివరికి.

ఇక వేసవిలో ఇద్దరం నడుం కట్టేం. కరివేపాకు కొమ్మలు విరక్కుండా, చిక్కుపడ్డ జడ విప్పినట్టు మెల్లగా విప్పడం నా పని. కొబ్బరిచెట్టు మీది తీగని దోటీతో లాగడం ఆయన పని. ఒకసారి గట్టిగా లాగేసరికి తీగ తెగి, ఆయన వెల్లకిలా కోళ్ళగంప మీద పడ్డారు. అత్తగారు పరిగెత్తుకొచ్చి ముందు కోడిని చూసేరు.

తీగ మొదట్లో బిందెలతో నీళ్ళు పోసి, మట్టి నానేక గునపంతో తవ్వి వేరు పెకలించేం. తీసిన తీగంతా పెరటి మూల కుప్ప పోసేం. ఒక్క వాన పడిందో లేదో కుప్ప చిగురించింది. మా ఆయన అన్నం కూడా సరిగా తినలేదు ఆ పూట. ఈసారి ఒక్క ముక్క నేలకి తగలకుండా అంతా డాబా మీదికి చేర్చి, రోహిణీ కార్తె ఎండలో పరిచేం. సిమెంటు కాకకి అది పుటుక్కున విరిగేదాకా ఎండింది. అప్పుడు పొయ్యిలో పెట్టేం. కబురెడితే దింపతను వచ్చి, గెలలన్నీ దింపి వెళ్ళేడు. ఇన్నాళ్ళకి మా పెరట్లో ఆకాశం కనపడింది. సంతోషం పట్టలేక ఆ సాయంత్రం కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను.

వానలు మొదలయ్యేక ఎదురింటావిడ నన్ను పిలిచి, తన గేటు పక్కన లేత తీగొకటి గర్వంగా చూపించింది. అప్పుడే కరెంటు స్తంభం పట్టుకుని పైకి పోతోంది.

"కరివేపాకుకి వస్తే మీ అత్తగారిచ్చేరండీ. మా వారికి షుగరు కదా."

ఇప్పుడే పీకెయ్యండి, పెద్దదైతే నరికినా చావదు, గాల్లోంచి వేళ్ళు దింపుతుందని మా కథంతా చెప్పేను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆయ్, అలాగేనండీ," అని, తీగకి ఇంకో పురికొస కట్టింది.

ఇంటికొచ్చి అత్తగార్ని, ఇంకా ఎవరెవరికి ఇచ్చేరని అడిగేను. ఆవిడ కోళ్ళకి నూకలు జల్లుతూ కొంచెం ఆలోచించేరు.

"మన వీధిలో అయితే అందరికీ ఇచ్చేనమ్మా. వెనక వీధి వాళ్ళకే ఇంకా అందలేదు."