మా భాషే గుండ్రంగా ఉంటుంది దాదా

అమ్మ రాసిన మొట్టమొదటి పాటను అచ్చు వేయించి తెమ్మంటే, క్రిస్మస్ పూట చర్చి చర్చంతా నోరు తెరిచి నిలబడేలా చేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. అమ్మ కూడా నవ్వింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

మాది ఖరగ్‌పూర్, ట్రాఫిక్ కాలనీ. తాత రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు దంచేసేవాణ్ణి కానీ, చదివింది హిందీ మీడియం. కాలేజీకి వచ్చినా తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. చర్చిలో పాటల పుస్తకం ఎదురుగా పట్టుకుని, పక్కవాళ్ల పెదాలు చూసి పాడేవాణ్ణి. ఈ గుట్టు ఎవరికీ చెప్పలేదు.

ఇన్నేళ్లూ అందరి పాటలూ పాడిన అమ్మ ఆ ఏడు తెలిసిన వరసలోనే సొంతంగా ఒకటి కట్టింది. తీరా పండగ వారంలో జలుబు చేసి గొంతు పోయింది.

"కాయితాలేసి పంచితే అందరూ సూసి పాడతారు కదరా" అంది గుసగుసగా.

ఆ పాటను విజయనగరంలో ఉన్న పిన్ని ముందే ఫోన్లో విని టైపు చేసి పెట్టింది. పీడీఎఫ్‌ను తిన్నగా గోల్‌బజార్ ప్రింటింగ్ షాపు దాదాకే పంపింది; ఇక్కడ అన్నను దాదా అంటాం. అచ్చు సరిచూడటం ఒక్కటే నా పని.

బెంగాలీ దాదా కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు.

"ఫైల్‌లో ఫాంట్ లేదు భాయ్. నా కంప్యూటర్ వేరేది వేసుకుంది. చదివి చెప్పు" అన్నాడు హిందీలో.

నేను గడ్డం నిమురుకుంటూ, చదివినట్టు తలాడించాను.

"మధ్యలో ఈ చుక్కల సున్నాలేమిటి? ఇన్ని ఉంటాయా?"

"మా భాషే గుండ్రంగా ఉంటుంది దాదా."

"పక్కా?"

"పక్కా. ఠీక్ హై, వేసెయ్."

పాపం, ఆయన అప్పటికీ "ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి రా, ఆగుతాను" అన్నాడు. తెలుగు గురించి తెలుగువాడికే చెబుతాడా అని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అక్కడికక్కడే అచ్చు వేయించి, కట్ట విప్పకుండా తిన్నగా చర్చిలో ఇచ్చేశాను.

క్రిస్మస్ ఉదయం పాస్టరు అయ్యగారు అమ్మ పేరు చెప్పి, కాగితాలు తీయమన్నారు. ముందు వరుసలో పెద్దమ్మలు కళ్లజోళ్లు తుడుచుకున్నారు. వెనక నా ఈడు కుర్రాళ్లు మాత్రం కాగితాన్ని భక్తిగా చూస్తూనే ఉన్నారు. ఒకడైతే తలకిందులుగా పట్టుకున్నాడు. నాలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారని అప్పుడే తెలిసింది.

"ఏటి బాబూ ఇది? కొమ్ములొక దగ్గర, అచ్చరాలొక దగ్గర, మజ్జిన ముగ్గు సుక్కలు" అన్నారు అయ్యగారు. "అచ్చేసేముందు సదివినావా?"

"చూసినానండి."

"సదివినావా అని అడుగుతున్నాను."

"సదవడం రాదండి."

అమ్మ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టినా బాగుండేది, నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు గుర్తొచ్చింది. నెల్లాళ్లుగా అమ్మ వంటింట్లో పాడుతుంటే ఆ పాట నాకు పోపు వాసనతో సహా వచ్చేసింది. లేచి ఎత్తుకున్నాను. నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు గుద్దుకున్నా నా గొంతు కన్నా శ్రుతిలో ఉంటాయి. అయినా నేనొక్కో లైనూ పాడుతుంటే, చర్చంతా నా వెనక అందుకుంది. చివరి చరణానికి అమ్మ పెదాలు కూడా కదిలాయి.

"ఎక్కడైనా తప్పు పాడినానా అమ్మా?" అని అడిగాను బయటికొచ్చాక.

అమ్మ నా చెవి దగ్గరకు వచ్చింది. "ఒక్క మాటా తప్పు లేదురా. కానీ నీ పాట ఇన్నాక, ఆ కాయితమే నయమనిపించింది" అని అప్పుడు నవ్వింది.

ఆ సెలవుల్లోనే అమ్మ ముందు కూర్చుని ఓనమాలు దిద్దాను. ఇదంతా నేనే రాశాను, కావాలంటే సున్నాలు సరిచూసుకోండి. ఇక మీదట చదవకుండా ఏ అచ్చుకూ ఠీక్ హై అననని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. చర్చిలో మళ్లీ గొంతెత్తననే ప్రమాణం మాత్రం అమ్మ ఆ రోజే చేయించుకుంది.