మెత్తని బంతి

మావయ్య అంటే నాకు ఆయన బొటనవేలే గుర్తుకొస్తుంది. ఏ గోల్ఫ్ బంతినైనా ఆడేముందు దానితో నొక్కి చూసేవాడు. పంతొమ్మిదివందల అరవైల్లో ఆయన జంషెడ్‌పూర్‌ కర్మాగారంలో ఇంజినీరు. నడివయసులో గోల్ఫ్ మొదలుపెట్టి, తోడుంటుందని అత్తయ్యకూ నేర్పాడు. కొత్తవాళ్లకు గట్టి తొడుగున్న బంతే మంచిదనీ, మెత్తనిది చెప్పినట్టు వింటుంది గానీ దెబ్బ తప్పితే చీలిపోతుందనీ చెప్పేవాడు. అయినా తనకు మాత్రం మెత్తనివే కొనుక్కునేవాడు. అవి వారం తిరక్కుండా నోళ్లు తెరిచేవి. అత్తయ్య గట్టి బంతితోనే ఆడుతూ, చూస్తుండగానే ఆయన్ని దాటిపోయింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక ఆదివారం ఆయన స్నేహితులంతా ఆటకు వచ్చారు. మావయ్య కొత్త మెత్తని బంతిని నొక్కి చూసి, అత్తయ్య చేతిలో పెట్టాడు.

"ఇది నీ చేతికి తగ్గది. నీ గట్టి బంతి నాకియ్యి."

"ఏటండీ ఇది? అందరూ చూత్తన్నారు," అంది అత్తయ్య గొంతు తగ్గించి.

"చూడనీ. నాకంటే నువ్వే బాగా కొడతన్నావు," అన్నాడు, అందరికీ వినబడేలా.

అత్తయ్య కొట్టింది. బంతి గుంట దగ్గరి జెండా పక్కన పడి అక్కడే ఆగింది. మావయ్య తన వంతు సంగతే మరిచిపోయి, ఆమె కర్రల సంచీ భుజాన వేసుకుని అటు నడిచాడు.