ధర్మవరంలో నా కూతురి తొలికాన్పు

తొలికాన్పు పుట్టింట జరగవలెననేది మా వైపు ఆచారం. నయాపైసలు కొత్తగా చలామణీలోకి వచ్చిన ఏడు, కార్తీకమాసంలో, ఆచారాన్ని తలకిందులు చేసి నేనే హిందూపురం నుంచి ధర్మవరంలోని కూతురి అత్తవారింటికి బయలుదేరాను. నెలలు నిండిన రుక్మిణికి కాళ్ళు నీరు పట్టాయనీ, రైలెక్కవద్దనీ అక్కడి సర్కారు ప్రసూతి కేంద్రంలోని మిడ్‌వైఫ్ సుగుణ చెప్పిందట. ఆ నీటికి రక్తపోటు తోడైతే మూర్ఛలు వచ్చి ప్రాణమే పోవచ్చును. హిందూపురం ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి కాన్పులు చేస్తున్న నేను ఈ సలహానే ఎందరికో ఇచ్చాను. అయినా నా కూతురికి చెప్పవలసినది నేను గదా!

ఉదయం ఏడున్నర బండి, మూడవ తరగతి. ఈ దారిన వెళ్ళేవారు పెనుకొండలోనే బొరుగుల ఉగ్గానితో ఫలహారం ముగించుకోవడం మేలు. ఎదుట కూర్చున్న గుడిబండ ఊరామె అడిగింది: "యాడికి పోతాండావమ్మా?"

"కూతురి కాన్పుకు."

"కూతురు నీ ఇంటికి రావల్ల గానీ నువ్వు పోయేదేంది? ఎవరు చేస్తారు కాన్పు?"

"సర్కారు మంత్రసాని."

"అట్లయితే నీకేం పని? ఉగ్గాని తిని తిరిగి రా పో!"

పెట్టెలో అందరూ నవ్వారు. నా ఉద్యోగమేమిటో నేను చెప్పలేదు.

ధర్మవరంలో దిగి, అర్ధరూపాయికి జట్కా మాట్లాడుకుని పదకొండుకు ఇల్లు చేరాను. తెల్లవారుజామున నొప్పులు మొదలై రుక్మిణిని కేంద్రానికి తీసుకుపోయారని వియ్యపురాలు చెప్పింది. కాళ్ళు కడుక్కోకుండానే పరుగెత్తాను.

సున్నం కొట్టిన రెండు గదులు. తప్పు దొరుకుతుందేమోనని కలయజూశాను. కత్తెర నీళ్ళలో మరుగుతున్నది. పరుపు మీది రబ్బరు గుడ్డ పరిశుభ్రంగా ఉన్నది. మా ఆసుపత్రిలో డాక్టరుగారి గదిలో తప్ప కనిపించని రక్తపోటు యంత్రం ఇక్కడ ఆ సుగుణ బల్ల మీద ఉన్నది. చేతులు రుద్ది కడుక్కుని లోపలికి అడుగుపెట్టాను.

సుగుణకు పాతికేళ్ళు మించవు. నా ఉద్యోగం సంగతి రుక్మిణి చెప్పి ఉంటుంది, చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా, నువ్వు ఈడ మంత్రసానివి కాదు, అవ్వవి. పోయి అరుగు మీద కూచో."

మా ఆసుపత్రిలో తల్లులను బయటికి పంపేది నేనే. ఏడ్చే తల్లి చెయ్యి వణుకుతుందని వారికి చెప్పేదీ నేనే. వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

నొప్పుల్లో ఏ ఆడదైనా "అమ్మా" అనే అరుస్తుంది. ఎందరి బిడ్డలో పిలువగా విన్న ఆ పిలుపు ఈసారి నాది కాబోతున్నదని చెవులు రిక్కించాను. రెండు దాటాక రుక్మిణి గొంతు వినిపించింది: "అక్కా! నన్ను పట్టుకో అక్కా!"

ఎవతె అక్క? ఈ సుగుణ దీనికి అక్క ఎప్పుడయింది?

మూడు గంటలకు బిడ్డ ఏడుపు. సుగుణ గుడ్డలో చుట్టి తెచ్చింది. "ఇదో, నీ మనవరాలు. తల్లికి రక్తపోటు దిగింది, భయం లేదు." బొడ్డుముడి పరీక్షించాను. నేను వేసినట్లే ఉన్నది.

పురుడు దాటాక తిరుగుబండి ఎక్కాను. ఊరూరా ఇటువంటి కేంద్రాలు వచ్చిననాడు గర్భిణి ప్రయాణం చేయదు; తల్లి చేస్తుంది. అది సరైన ఏర్పాటే. అందులో తల్లికి మిగిలే చోటు మాత్రం అరుగు.

నా పక్కన నిండు గర్భిణి, మొగునితో మడకశిరకు పోతున్నది. మెట్టెలు వేళ్ళలో దిగబడిపోయేంతగా పాదాలు ఉబ్బి ఉన్నాయి. తల నొస్తున్నదా అని అడిగితే, కళ్ళు కూడా మసకలు కమ్ముతున్నాయన్నది. అన్నీ రక్తపోటు గుర్తులే.

"హిందూపురంలో డాక్టరుగారు సెలవులో ఉండారు, పెనుకొండలో దిగి ఎదురుబండికి ధర్మవరం పోండి," అన్నాను మొగునితో. "సర్కారు కేంద్రంలో సుగుణ అని ఉండాది. ఆ యమ్మ చెయ్యి మంచిది."



"మా యమ్మ నా కోసం కాసుకోని ఉండాదే! కోపం చేసుకుంటాది," అన్నది ఆ పిల్ల.

"చేసుకుంటాది," అని ఆమె మూట నేనే అందుకుని తలుపు వైపు నడిచాను.