కోసిన స్ప్రింగుల కారు

కువైట్‌లోని సల్వాలో నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో ఏ కుదుపు వచ్చినా తప్పు నాదే. రోడ్డుది కాదు, కారుది అసలే కాదు. ఆ ఇంటి కొడుకు తన ఎర్ర కారు నేలకు ఆనుకుని పోవాలని ముచ్చటపడి, స్ప్రింగులను పొట్టిగా కోయించాడు. రబ్బరు పట్టీ చుట్టినట్టుండే పల్చటి టైర్లు వేయించాడు. ఆ తర్వాత అందులో కూర్చున్న ప్రతివాళ్లూ నన్నే తిట్టారు. "మీ ఊళ్లో గాడిదలు తోలేవాడివా?" అని అతను స్నేహితుల ముందు అడిగాడు. వాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది. ఒకడికి పైపన్ను లేదు.

ఇరాక్ సైన్యం వచ్చాక ఇంట్లోని పెద్ద బండిని సైనికులు పట్టుకుపోయారు. ఎర్ర కారునూ తీసుకెళ్లారు గానీ, సాయంత్రానికి వీధి చివరి రౌండబౌట్ దగ్గర తాళంతో సహా వదిలేశారు. దేశాన్నంతా ఊడ్చుకుపోతున్న సైన్యానికి కూడా పనికిరాని కారు అది. కొడుకు మాత్రం దేవుడి దయ అన్నాడు.

కొన్నాళ్లకు సౌదీ వైపు దారి వదిలారని తెలిసింది. కొడుకు నాయనమ్మకు అప్పటికి కొద్దికాలం కిందటే తుంటికి ఆపరేషన్ అయింది. మందులు అయిపోవచ్చాయి. ఆమెను సరిహద్దు దాటించాలి, ఉన్నది ఆ కారొక్కటే. వెనక సీట్లో దిండ్ల మధ్య కూర్చోబెట్టి వీధి మలుపు దాకా తీసుకెళ్లేసరికి ముసలావిడ కేక పెట్టింది. "నన్ను ఇక్కడే చావనివ్వండి, ఈ కారులో మాత్రం వద్దు" అంది. పక్కనున్న ఆమె కోడలు, పనివాళ్లం మామా అని పిలిచే ఇంటావిడ, నా మీద విరుచుకుపడింది.

"మెల్లగా నడపడం రాదా నీకు?"

అంతకంటే మెల్లగా నడిపితే కారు ఆగినట్టే.

నాకు తెలిసిన వైద్యం ఒకటుంది. మా రాయచోటి పక్క ఖాళీ జీపు ఎగిరెగిరి పడుతుంది, టాపు మీద దాకా జనం ఎక్కితే ఉయ్యాల లాగా పోతుంది. కువైట్‌లో ఇసుకకు కరువా? డిక్కీ నిండా ఇసుక బస్తాలు వేశాను. కారు వెనకభాగం కూలబడింది. టైర్లు పైరేకుకు ఒరుసుకుని కాలిన వాసన కొట్టింది. ఆ వాసనతోనే ఊరవతలి అమ్ఘరా చేరాను. అక్కడ యజమాని పారిపోయిన ఒక తుక్కు యార్డులో మనవాడొకడు, జగిత్యాల వాడు, ఒంటరిగా కాపలా ఉండేవాడు.

డిక్కీ తెరిచి చూసి నేల మీద కూర్చుని మరీ నవ్వాడు.

"ఏందన్నా, ఇసుక నింపినవ్? సద్దాంకు ఇల్లు గడుతున్నవా?"

"మా పక్క జీపుకు బరువేస్తేనే మెత్తగా పోతాది. నాకు చెప్పొచ్చినావా నువ్వు?"

"జీపుకు కింద కమాన్ పట్టీలుంటయి, వంగుతయి. దీని స్ప్రింగులే సగం కోసిర్రు, ఇంక వంగనీకి ఏమున్నదే? దిగు, దిగు."

గుద్దుకుని చితికిన అలాంటి కారే యార్డులో ఉంది. దాని స్ప్రింగులూ, మందంగా ఉన్న టైర్లూ దీనికి వేశాడు. పని చేస్తున్నంతసేపూ రాయచోటి జీపుల మీద జోకులు వేశాడు. అవి కూడా మరచిపోలేదు.

ఇంటికి తెస్తే కొడుకు కారు చుట్టూ తిరిగి తల పట్టుకున్నాడు. "టాక్సీలా లేచి నిలబడింది! తీసెయ్!" అన్నాడు. వీధి చివర యుద్ధ ట్యాంకు ఉంది, ఇతనికి కారు ఎత్తు బెంగ.

"ఖలాస్! మీ నాయనమ్మ టాక్సీలోనైనా పోతుంది. యల్లా, ఎక్కు" అంది మామా.

కారు మెత్తగా సాగింది. ముసలావిడ నిద్రపోయింది. ఇప్పుడు నా భయం వేరు. మెత్తబడిన కారును సైనికులు వదులుతారా? దారిలో తనిఖీ దగ్గర ఒకడు బానెట్ నిమిరి, "ఎలా ఉంటుంది ఈ కారు?" అని అడిగాడు. నాకు వచ్చిన అరబ్బీ అంతా బయటికి తీశాను. నడుము పోయిందన్నాను, వెన్ను విరిగిందన్నాను, దీన్ని కొన్నవాడికి బుర్ర లేదన్నాను, స్ప్రింగులు కోయించినవాడికి అసలే లేదన్నాను. నిన్నటిదాకా అంతా నిజమే కనుక ఒక్కచోటా తడబడలేదు. కొడుకు పక్క సీట్లో పళ్లు కొరుకుతున్నాడు. సైనికుడు నవ్వి పొమ్మన్నాడు.

సరిహద్దు దగ్గర నా పాస్‌పోర్టు అడిగారు. అది కువైట్ సిటీలో, షర్క్‌లోని మా కఫీల్ ఆఫీసు బీరువాలో ఉంది. కఫీల్ అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఈ కొడుకు తండ్రే. గొడవకు ముందే విదేశం వెళ్లి అక్కడే చిక్కుకున్నాడు. నా పాస్‌పోర్టు సంగతి ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా తట్టలేదు. "తాళం ఇటివ్వు" అన్నాడు కొడుకు. నేను దిగాను. ఆ కదలికకు ముసలావిడ లేచి, స్టీరింగు ముందు మనవడిని చూసి, "అల్‌హందులిల్లా, ఇక కుదుపులుండవు" అంది.

గేటు దగ్గర రోడ్డు మీద అడ్డంగా ఒక గట్టు ఉంది. అతను వేగం తగ్గించకుండానే ఎక్కించాడు. నేను కారు వెనక అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాను. కారు మెత్తగా దాటింది, దిండుకు ఆనిన ఆమె తల కదలలేదు. కేక వినిపించలేదు. కారు అవతలికి వెళ్లిపోయింది. నా నీళ్ల సీసా కూడా అందులోనే పోయింది.