ఉత్తమ నటి సొంత గొంతు

మా మేడం పోయారని తార్నాక నుంచి ఆవిడ చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు పత్రికలన్నీ అవార్డుల గురించే రాశాయి. రెండుసార్లు రాష్ట్ర ఉత్తమ నటి అని, కళ్లతోనే నటించేదని. అన్నీ నిజమే. ఆ సినిమాల్లో వినిపించే గొంతు ఆవిడది కాదని మాత్రం ఎవరూ రాయలేదు. నాకు ఒళ్లు మండింది.

ఆవిడది కడప. హీరోయిన్‌కి ఈ యాస ఏమిటని మొదటి సినిమాకే వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పించారట. ఆ తర్వాత అదే ఖాయమైపోయింది. ఇంకా పెద్ద అవార్డు ఒకటి చేతిదాకా వచ్చి, సొంత గొంతు కాదని ఆగిపోయింది. వేషాలు తగ్గాక మా యూనివర్సిటీకి నటన నేర్పడానికి వచ్చారు.

"ఏడ్చేదానికి కండ్లతో పనేముంది? వీపుతో ఏడువు, చూస్తాం" అనేవారు క్లాసులో. మేం గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చేవాళ్లం. కుదరకపోతే ఆవిడే ముందు నవ్వేవారు.

ఆదివారాలు తార్నాకలో వాళ్లింటికి వెళ్లేవాళ్లం. టీవీలో తన సినిమా వస్తే సౌండ్ పూర్తిగా తీసేసి, తన డైలాగులన్నీ కడప యాసలో తనే చెప్పేవారు. మొదట్లో నవ్వొచ్చేది. కాసేపటికి తెర మీది అమ్మాయి ఎవరో అప్పుడే తెలిసినట్టుండేది.

"డబ్బింగ్ చెప్పిన ఆయమ్మను ఏం అనొద్దు మీరు. బాగా చెప్పింది. కాకపోతే అది నేను గాదు."

పోయినేడు నేను తీస్తున్న చిన్న సినిమాలో అమ్మమ్మ వేషం వేయమని అడిగాను.

"నా గొంతే పెడతావా పాపా?" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

పెడతానని మాటిచ్చాను. క్యాంపస్‌లోనే షూటింగ్ చేశాం. డబ్బింగ్‌కి హబ్సిగూడలో స్టూడియో మాట్లాడుకున్నాం కానీ, ఆయాసం ఎక్కువై ఆవిడ రాలేకపోయారు. తగ్గాక చెబుతాలే అన్నారు. తగ్గలేదు.

షూటింగ్‌లో రికార్డయిన మాటలే మిగిలాయి. గాలి, బైకుల మోత, వాటి అడుగున ఆవిడ.

"సౌండ్ మొత్తం ఖరాబ్ ఉన్నది అక్కా. ఇంకొకరితోని చెప్పిద్దాం, సాఫ్‌గ అయితది" అన్నాడు ఎడిటింగ్ చేస్తున్న లాలాగూడ మిత్రుడు. అతను మంచికే అన్నాడు.

"వద్దు. వినబడినంతే వినబడనీ" అన్నాను. ఆవిడ ఒక్కసారైనా తెర మీద తన గొంతు విని ఉంటే బాగుండేది. ఆ బాధ నాకు పోదు.

సంస్మరణ సభలో, క్యాంపస్ హాల్లో, ఆ సినిమా వేశాం. ఆవిడ మొదటి మాటకే వెనక వరుసల్లోంచి వినబడట్లేదన్నారు. లాలాగూడ మిత్రుడు లేచి వెళ్లి ఫ్యాన్లన్నీ ఆపేశాడు. నడి ఎండాకాలం, తలుపులు మూసిన హాలు. అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు. మెడల మీద చెమట కారుతున్నా ఎవరూ తుడుచుకోలేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు.