తీసిపెట్టమన్న మాట

పంపులు తయారుచేసే ఆ కార్ఖానాలో అందరూ అతన్ని గీతల బాబాయి అంటారు. ఇరవై రెండేళ్ళుగా అతని పని గీతలు గీయడమే. ఏ రెక్క ఎంత మందం, ఏ బోల్టుకి ఎంత బెజ్జం, అన్నీ అతను కంప్యూటర్లో గీసి అచ్చు తీసి ఇస్తేనే లేతు మిషన్ల మీద ఇనుము కదులుతుంది. మొత్తం వెయ్యిన్ని రెండువందల నలభై బొమ్మలు. అన్నీ ఒకే ఒక్క ముసలి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. వేరేచోట ఓ నకలు పెట్టుకోవాలన్న ఇంగితం ఎవరికీ లేదా అంటే, ఉంది. బాబాయికే ఉంది. నకళ్ళు దాచిన డిస్కు పెట్టె రెండేళ్ళ కిందట పాడైతే, కొత్తది కొనండి మహాప్రభో అని అడిగి అడిగి అతని నోరు నొప్పి పుట్టింది.

ఆ ల్యాప్‌టాప్ నడక చూస్తే నత్తకి కూడా నవ్వొస్తుంది. పొద్దున్నే మీట నొక్కి, మొహం కడుక్కుని, టీ తాగి, లేతుల దగ్గర నలుగురినీ పలకరించి వచ్చినా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. లోపల హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమని పళ్ళు కొరికేది. పీకలదాకా నిండిన డిస్కు మరి, ఏం చేస్తుంది పాపం! కొత్త బొమ్మ ఒకటి గీస్తే దాన్ని ఎక్కడ ఇరికించాలా అని అతను పూటంతా సర్దుకునేవాడు.

బాబాయి భార్య నర్సు. ఆరేళ్ళ కిందట ఆమెకి పన్నెండు గంటల బస్సు ప్రయాణమంత దూరానికి బదిలీ అయింది. కూతురు తల్లితో వెళ్ళింది. అప్పుడు రెండో తరగతి, ఇప్పుడు ఎనిమిది అయిపోవస్తోంది. బాబాయి నెలకోసారి వెళ్ళి రెండు రోజులుండి వస్తాడు, చుట్టంలాగా. ఆ ఊళ్ళోనే అతని యజమానికి ఇంకో కార్ఖానా ఉంది. అక్కడికి పంపండి సార్ అని అతను అడిగినప్పుడల్లా యజమాని భుజం తట్టి, నువ్వు పోతే ఆ డబ్బాని ఎవరు నడుపుతారయ్యా అనేవాడు. పొగిడినట్టూ ఉండేది, కాళ్ళకి బంధం వేసినట్టూ ఉండేది.

ఎట్టకేలకు ఈ ఏడు ఆయన మెత్తబడ్డాడు. కొత్త డిస్కు వేయించు, బొమ్మలన్నీ అందులోకి ఎక్కించు, నీ చోట్లోకి వచ్చే మనిషికి అప్పజెప్పి ఒకటో తారీఖున అక్కడ చేరు అన్నాడు. బాబాయి ఆ సాయంత్రమే భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మర్నాడు ల్యాప్‌టాప్‌ని పసిబిడ్డలా చంకన పెట్టుకుని మరమ్మతు షాపుకి వెళ్ళాడు. షాపు నడిపేది ఒక నడివయసు ఆవిడ. మాట తక్కువ, పని శుభ్రం. విప్పిన మరలన్నీ సీసా మూతలో వేసుకుంటూ అడుగు రేకు ఊడదీసింది. కొత్త ఎస్ఎస్‌డి అతని చేతిలో పెట్టి చూపించింది. అరచేతిలో ఇమిడిపోయే పలక, బరువే లేదు, లోపల తిరిగేదీ అరిగేదీ ఏమీ లేదు. దీంట్లో సాఫ్ట్‌వేర్ అంతా కొత్తగా ఎక్కించి ఇస్తానంది. అప్పుడు అడిగింది:

"పాత డిస్కుని ఏం చెయ్యమంటారు?"

"అందులో ఉన్నవన్నీ జాగ్రత్తగా తీసిపెట్టండమ్మా. ఒక్కటి కూడా మిగలకూడదు."

ఆవిడ పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

మూడోరోజు వెళ్ళేసరికి ల్యాప్‌టాప్ సిద్ధంగా ఉంది. మీట నొక్కగానే, రెప్పపాటులో అనను గానీ, మనిషి కుర్చీ లాక్కుని కూర్చునేలోపు తెర వెలిగింది. బాబాయి ఒకసారి ఆర్పి మళ్ళీ వెలిగించాడు, ఊరికే, సంబరానికి. తర్వాత బొమ్మల కోసం వెతికాడు. లేవు. ఇటు వెతికాడు, అటు వెతికాడు. నా బొమ్మలు ఎక్కడ పెట్టారమ్మా అని నవ్వుతూనే అడిగాడు.

ఆవిడ పాత డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద "శుభ్రం" అని చీటీ అంటించి ఉంది. పాత డిస్కులు బయటివాళ్ళ చేతిలో పడితే గుట్టు రట్టవుతుందని చాలామంది తుడిపించేసుకుంటారు, మీరూ అదే చెప్పారనుకున్నాను అంది. ఒకసారి కాదు, మూడుసార్లు తుడిచిందట, ఏ మంత్రం వేసినా తిరిగి రాకుండా. పుస్తకం తిప్పి చూపించింది. "అందులో ఉన్నవన్నీ జాగ్రత్తగా తీసిపెట్టండి. ఒక్కటి కూడా మిగలకూడదు." అచ్చంగా అతని మాటే.

ఏం చేస్తాం, మన మాటే అంత! తమ్ముడికి అన్నం తీసిపెట్టమంటే వాడొచ్చేదాకా భద్రంగా ఉంచడం. కాల్లో ముల్లు తీసిపెట్టమంటే పీకి పారెయ్యడం. బాబాయి చెప్పింది అన్నం, ఆవిడ విన్నది ముల్లు. ఎవరిని తిట్టాలి? ఇంకోసారి అడగాల్సింది నేను అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆవిడనే ఊరడించి బయటపడ్డాడు. సందు మలుపు తిరిగాక మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు.

యజమాని అంతా విన్నాడు. తిడతాడనుకున్నాడు బాబాయి. తిడితే బాగుండును. తిట్టి పొమ్మంటే ఇంకా బాగుండును. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి మామూలుగానే భుజం తట్టాడు.

"దిగులెందుకయ్యా? డిస్కు పోతే పోయింది, నువ్వున్నావుగా. అన్నీ నీ బుర్రలోనే ఉన్నాయి."

అబద్ధం కాదు. లేతుల దగ్గర నూనె మరకలతో చిరిగిన పాత అచ్చుకాగితాలున్నాయి. వాటిలో ఏ అంకె మారిందో, ఏ గీత వెంట్రుకవాసి జరిగిందో ఎరిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. మానేసి పోవచ్చు, ఎవరూ కట్టెయ్యలేదు. కానీ నలభై ఏడేళ్ళ వయసులో, తన నోటి మాటతోనే కార్ఖానాకి కళ్ళు పొడిచి, లేతుల దగ్గరివాళ్ళకి ఏ మొహం చూపించి గేటు దాటతాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడవడానికి కూడా చోటు లేదు, గదిలో కొత్తగా రావలసిన మనిషి కోసం రెండో కుర్చీ వేసి ఉంది. దాన్ని గోడవారకి జరిపి, మొదటి కాగితం విప్పి తెర ముందు కూర్చున్నాడు. వెయ్యిన్ని రెండువందల నలభైలో ఒకటి.

పని దిగాక భార్యకి చెప్పాడు. ఆవిడ అరవలేదు. రోజుకి ఎన్ని గీయగలవని అడిగింది. రెండు అన్నాడు. అవతల ఆమె లోలోపల లెక్కపెట్టుకోవడం అతనికి తెలుస్తూనే ఉంది.

"రెండేళ్ళు," అందావిడ. "అప్పటికి దాని పదో తరగతి కూడా అయిపోతుంది."

అతను ఊఁ అన్నాడు.

"నేను చెప్పలేను దానికి. నువ్వే చెప్పు," అంటూ ఫోన్ కూతురి చేతికిచ్చింది.

అతను చెప్పేద్దామని నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది.

"నాన్నా, బీరువాలో నీకు రెండు అరలు ఖాళీ చేశాను. నా పుస్తకాలు మంచం కిందకి పెట్టేశా. రెండు సరిపోతాయా?"

"సరిపోతాయమ్మా," అన్నాడు బాబాయి.